గోడ ఎటు నెడుతుంది?

మొదటి సంవత్సరం పిల్లలకు ఇంజనీరింగ్ మెకానిక్స్ చెప్పేవాళ్లందరికీ గోడకు ఆనించిన నిచ్చెన లెక్క తెలుసు. నున్నటి గోడ, గరుకు నేల, వాలుగా ఒక నిచ్చెన. ఆ నిచ్చెన మీద ఏయే బలాలు ఏ వైపు పనిచేస్తున్నాయో బాణం గుర్తులతో బొమ్మ గీయాలి. బొమ్మ సరిగ్గా పడితే మిగతా లెక్క దానంతటదే నడుస్తుంది. బాపట్లలో మా కాలేజీలో ఈ లెక్కను నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను. బాగా చెబుతానని పిల్లల్లో పేరు కూడా ఉంది.

ఒక సంవత్సరం మొదటి మిడ్ పరీక్ష పేపర్లు తెనాలిలో మా ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే రైల్లోనే దిద్దడం మొదలుపెట్టాను. నిడుబ్రోలు స్టేషన్ వచ్చేసరికి చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. చాలామంది గోడ దగ్గర బాణమే వేయలేదు. వేసినవాళ్లలో కొందరు దాన్ని గోడ నుంచి బయటికి కాకుండా గోడ వైపుకు తిప్పి వేశారు. కింద మాత్రం నేను బోర్డు మీద రాసిన ఇంగ్లీషు నిర్వచనం అక్షరం పొల్లు పోకుండా ఉంది. నిర్వచనం వచ్చు, బొమ్మ రాదు. అదెలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు.

క్లాసుకు వెళ్లగానే పేపర్లు పంచలేదు. బోర్డు మీద నిచ్చెన బొమ్మ గీసి, తెలుగులో అడిగాను.

"గోడ నిచ్చెనని ఎటు నెడుతుంది?"

పొన్నూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అబ్బాయి లేచాడు.

"గోడ ఎందుకు నెట్టుద్దండి? అది ఊరికే నిలబడి ఉంది కదండి. నెట్టేది నిచ్చెన."

ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. చాలా తలలు నెమ్మదిగా ఊగాయి. వాళ్లందరూ అదే అనుకుంటున్నారు. కదలని వస్తువు ఎవరినీ నెట్టదని వాళ్ల నమ్మకం. గోడ తిరిగి నెట్టే బలాన్ని ఇంగ్లీషులో నార్మల్ రియాక్షన్ అని రాస్తున్నప్పుడు ఆ నమ్మకం బయటికి రావలసిన అవసరమే రాలేదు. తెలుగులో అడిగేసరికి బయటపడింది.

ఆ రోజు పాఠం పక్కన పెట్టేశాను. ఇద్దరిద్దరుగా కూర్చోమన్నాను. "బొమ్మ గీసే ముందు పక్కవాళ్లకి నోటితో చెప్పండి. ఎవరు ఎవర్ని నెడుతున్నారో, ఎటు నెడుతున్నారో చెప్పకుండా బాణం వెయ్యొద్దు. మీకు ఏ భాష వస్తే ఆ భాషలో చెప్పుకోండి" అన్నాను. గది చేపల మార్కెట్ అయిపోయింది. పక్క గదిలో పాఠం చెప్పే సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అంతా బాగానే ఉందాండి?" అని అడిగి వెళ్లారు. బాగానే ఉంది. ఆ గోలలో పిల్లలు గోడ గురించి పోట్లాడుకుంటున్నారు. నా సర్వీసులో ఒక గోడ గురించి పిల్లలు అలా పోట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఆ సెమిస్టర్ అంతా అలాగే నడిపాను. రెండో మిడ్ పేపర్లలో గోడ దగ్గర బాణాలు కనిపించాయి, అవీ సరైన వైపుకు. ఇదేదో నలుగురికీ చెప్పవలసిన సంగతి, ఒక పరిశోధన పేపరు రాయాలి అనిపించి మా హెచ్ఓడీ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివారు, కాంక్రీటు మీద చాలా పనిచేసినవారు. నేను కూడా డెల్టా నల్లమట్టి మీద పీహెచ్‌డీ చేసినదాన్నే. వానకు ఉబ్బి ఎండకు బీటలువారే మట్టిలో పునాది ఎలా నిలుస్తుందన్నది నా విషయం. ఆ మట్టి పేపర్లు ఇంకా రాయవలసినవి ఉన్నాయని ఆయనకు తెలుసు.

"పాఠం బాగా చెప్పడం మన డ్యూటీ కదమ్మా. దాని మీద పేపరేంటి?" అన్నారు.

"పిల్లలు ఎక్కడ పొరబడుతున్నారో తెలిసిందండి. అది రాస్తే ఇంకొకరికి పనికొస్తుంది కదండి."

"రాస్తే రాయండి. కానీ మెషీన్ లేదు, శాంపిల్ లేదు. దాన్ని ఎవరు పరిశోధన అంటారు?"

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగారు.

అయినా రాశాను. క్లాసులో ఏం చేశానో, పిల్లలు ఎంత బాగా మారారో, నాకెంత సంతోషం కలిగిందో రాసి ఇంజనీరింగ్ బోధన మీద జరిగే ఒక సదస్సుకు పంపాను. ఇంట్లో మా అత్తయ్యకు ఈ సంగతి మా వారు చెప్పారు. ఆవిడ రోజూ పొద్దున్నే అరుగు మీద కూర్చుని దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఆ మర్నాటి నుంచి చివరి పేజీ అయ్యాక ఒకటే అడిగేవారు.

"అమ్మాయ్, నీ పేపరు ఇవాళ కూడా పడలేదేంటి?"

"ఆ పేపరు వేరండి అత్తయ్యా. ఇందులో పడదు."

"మరి ఎందులో పడుద్ది?"

ఎక్కడా పడలేదు. సదస్సువాళ్లు తిప్పి పంపారు. పేపరు చూసిన ఇద్దరిలో ఒకరు నాలుగు ముక్కల్లో తేల్చేశారు. రెండోవారు మాత్రం శ్రద్ధగా చదివి కొన్ని ప్రశ్నలు వేశారు. ఈ రచయితకు పిల్లలంటే ప్రేమ ఉన్నట్టు తెలుస్తోంది. కానీ పిల్లలు మారింది తెలుగు వల్లనా, ఉత్తినే మాట్లాడుకోవడం వల్లనా? ఇంగ్లీషులో మాట్లాడుకున్నా ఇదే జరిగేదేమో? ఇలా చేయని క్లాసులో ఏం జరిగింది? వాళ్లు ఏం మాట్లాడుకున్నారో రచయిత విన్నారా, లేక ఊహించారా?

మొదట ఒళ్లు మండింది. క్లాసులో నిలబడి చూసింది నేను, ఎక్కడో కూర్చుని అడగడానికి వీళ్లెవరు అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున రైల్లో మళ్లీ చదివితే, ప్రశ్నలన్నీ న్యాయమైనవే అని తోచింది. నా మట్టి పనిలో సున్నం కలిపిన శాంపిల్ పక్కన కలపని శాంపిల్ పెట్టకుండా ఒక్క మాటైనా చెప్పేదాన్నా? పిల్లల విషయంలో మాత్రం నా సంతోషాన్నే రుజువుగా చూపించాను. ప్రశ్నలు వేసిన ఆ మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. వారు నాకు చేసిన ఉపకారం చిన్నది కాదు.

ఆ తర్వాత నేను మళ్లీ విద్యార్థినయ్యాను. ఇలాంటి పరిశోధన ఎలా చేయాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సులో చేరాను. సాయంత్రం వంట కానిచ్చి, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. మాటల్ని ఎలా సేకరించాలి, ఎలా విడదీయాలి, మనకు కావలసినదే వాటిలో కనబడకుండా ఎలా జాగ్రత్తపడాలి అన్నవి అక్కడ చెప్పారు. ఆ కోర్సులోనే రేపల్లె వైపు పాలిటెక్నిక్‌లో పనిచేసే ఒక లెక్చరర్ పరిచయమయ్యాడు. నాకంటే వయసులో చిన్నవాడు. సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే కుటుంబంలో పుట్టి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, డిప్లొమా చేసి, ఆ పైన ఇంజనీరింగ్ చేశాడు. మొదటి రోజు మేడం అన్నాడు. వారం తిరక్కుండా అక్కా అన్నాడు.

"అక్కా, నేను ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో సార్ చెప్పేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హాస్టల్లో మావాడొకడు తెలుగులో చెప్పేవాడు. వాడు చెప్పకపోతే ఇవాళ నేను ఇక్కడ లేను. మీరు చేసేది మా దగ్గర కూడా చేద్దాం" అన్నాడు.

అలా ఇద్దరం కలిశాం. బాపట్లలో నాకు రెండు సెక్షన్లున్నాయి. ఒక సెక్షన్‌లో పిల్లలు ఇష్టమైన భాషలో మాట్లాడుకుంటారు. ఇంకో సెక్షన్‌లో అదే లెక్క, అంతే సమయం, కానీ ఇంగ్లీషులోనే మాట్లాడుకోవాలి. రేపల్లెలో తన క్లాసులో అతను ఇష్టమైన భాష పద్ధతి పెడతాడు. ముందొక చిన్న పరీక్ష, తర్వాతొక చిన్న పరీక్ష. మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తాం. దేనివల్ల ఏం జరుగుతుందో తేలాక, తక్కువ లాభపడ్డ సెక్షన్‌కు కూడా మేలైన పద్ధతిలో మళ్లీ చెప్పాలని ముందే రాసుకున్నాం.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి అనుమతి తీసుకున్నాను. పిల్లలకు విషయం తెలుగులో వివరించాం. మాటలు రికార్డవుతాయి, పేర్లు ఎక్కడా రావు, మార్కులకు సంబంధం లేదు, ఇష్టం లేనివాళ్లు వద్దనవచ్చు. కొందరు వద్దన్నారు. వాళ్ల దగ్గర ఫోన్ పెట్టలేదు. వద్దని చెప్పడానికి వాళ్లు భయపడకపోవడం నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది.

ఇంగ్లీషు సెక్షన్ రికార్డింగులు విన్న రోజు మొదటి జవాబు దొరికింది. వాటిలో ఎక్కువ భాగం నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు, బెంచీ కిర్రుమనడం, ఎవరో దగ్గడం, మధ్యలో పుస్తకంలోని ఒక వాక్యం. ఆ తర్వాత గుసగుసగా, "ఒరేయ్, మేడం అటెళ్లింది, చెప్పరా" అని తెలుగు. ఇష్టమైన భాషలో మాట్లాడుకున్న సెక్షన్‌లో గోల. ఒకరి మాట ఒకరు తెంచేసి అరుచుకోవడం. మాట్లాడుకోండి అన్నంత మాత్రాన పిల్లలు మాట్లాడరనీ, ఏ భాషలో అన్నది చాలా పెద్ద సంగతనీ నాకు స్పష్టమైంది. అనుకున్నదే నిజమైందని పొంగిపోయాను. సరిగ్గా అప్పుడు రేపల్లె నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇక్కడ పనిచెయ్యట్లేదు."

"అదేంటి?"

"ముందు పరీక్షకీ తర్వాత పరీక్షకీ పెద్ద తేడా ఏం లేదు. మాట్లాడుకుంటున్నారు. తెలుగులోనే. కానీ బాణాలు మాత్రం మళ్లీ అటే వేస్తున్నారు."

నువ్వు సరిగ్గా చేయించలేదేమో అనే మాట నా నోటి దాకా వచ్చింది. ఆపుకుని, "వస్తున్నాను, నేనూ వింటాను" అన్నాను. ఆ వారం సెలవు పెట్టి తెనాలిలో రేపల్లె రైలెక్కాను. పాలిటెక్నిక్‌లో అతని క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నాను. అతను సరిగ్గానే చేయిస్తున్నాడు. నాకంటే ఓపిగ్గా చేయిస్తున్నాడు.

భోజనాలయ్యాక స్టాఫ్ రూంలో ఇద్దరం రికార్డింగులు పెట్టుకున్నాం. ప్రతి మాటకూ గుర్తు పెట్టాలి. ఇది ప్రశ్న, ఇది వాదన, ఇది ఒప్పుకోలు అని ఎవరికి వారు విడివిడిగా రాసి, తర్వాత పోల్చి చూసుకోవాలి. పోల్చి చూస్తే ఒకేచోట మాకు మళ్లీ మళ్లీ తేడా వస్తోంది. పిల్లలు ఊఁ అన్న ప్రతిచోటా నేను ఒప్పుకోలు అని రాశాను. అతను ఏమీ రాయలేదు.

"ఊఁ అంటే సరే అనే కదా?" అన్నాను.

"కాదక్కా. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొడతారు చూడండి, అది. వింటున్నా, కానియ్యి అని. ఒప్పుకున్నట్టు కాదు."

"ఇక్కడ చూడు, వెంటనే బాణం వేశాడు కదా. ఒప్పుకున్నట్టే."

"వేశాడు. పక్కవాడు చెప్పాడు కాబట్టి వేశాడు. మళ్లీ వినండి."

మళ్లీ విన్నాం. ఇంకొకటి విన్నాం. సాయంత్రం దాకా ఊఁల గురించే వాదించుకున్నాం. టీ తెచ్చిన ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్ని వింతగా చూసింది. పెద్ద చదువులు చదివిన ఇద్దరు, తలుపు వేసుకుని, ఊఁ అంటే ఏంటని కొట్లాడుకుంటున్నారు. ఆ వాదనలోనే విషయం దొరికింది. అతని క్లాసులో ప్రతి జంటలోనూ బాగా మార్కులు వచ్చే పిల్లవాడే మాట్లాడుతున్నాడు. రెండోవాడు ఊఁ కొడుతున్నాడు. మాట్లాడినవాడికి ముందే వచ్చు. రానివాడి నోట్లోంచి గోడ అన్న మాటే రాలేదు. బాపట్లలో నా క్లాసులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో నేను చూడలేదు. స్నేహితులు స్నేహితుల పక్కన కూర్చున్నారు, సమానంగా పోట్లాడుకున్నారు. రేపల్లెలో అతను బాగా చదివేవాడి పక్కన వెనకబడినవాడిని కూర్చోబెట్టాడు. మంచి చేద్దామనే కూర్చోబెట్టాడు.

పద్ధతి మార్చాం. రానివాళ్లే ముందు చెప్పాలి. వచ్చినవాళ్లు జవాబు చెప్పకూడదు, ఎందుకు అని మాత్రమే అడగాలి. ఇంకో లెక్కతో మళ్లీ నడిపాడు. ఈసారి అతను ఫోన్ చేసినప్పుడు గొంతు విన్న వెంటనే పనిచేసిందని నాకు తెలిసిపోయింది.

రాసే సమయం వచ్చినప్పుడు ఒక పెద్ద ప్రశ్న వచ్చింది. రేపల్లెలో మొదట పనిచేయలేదన్న సంగతి రాయాలా? "మొదటిది ట్రయల్ అని వదిలేద్దామా అక్కా? చదివేవాళ్లు నాకు చేతకాలేదు అనుకుంటారేమో" అన్నాడు. అతని భయం నాకు అర్థమైంది. చిన్న ఊరి పాలిటెక్నిక్ పేరు మీద ఎలాగూ చిన్నచూపు ఉంటుంది.

"అది తీసేస్తే ఇందులో నేర్చుకున్నది ఏముంది తమ్ముడూ? ఇది చదివి ఇంకెవరో నీలాగే కూర్చోబెడతారు, పనిచెయ్యదు, తప్పు వాళ్లదనుకుంటారు. అదే మనం చెప్పాల్సింది" అన్నాను.

ఒక రోజు ఆలోచించుకుని సరే అన్నాడు. ఆ భాగాన్ని అతనే రాశాడు. మొత్తం పేపర్లో అంత సూటిగా, అంత నిజాయితీగా ఉన్న భాగం ఇంకొకటి లేదు.

నేను రాసిన వాటిలో నాకు ఇష్టమైనది ఒక అమ్మాయి మాట. రేపల్లె దగ్గర తీరంలోని ఊరి నుంచి వచ్చి మా కాలేజీ హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ల నాన్న పడవ మీద వేటకు వెళతాడు. క్లాసులో ఎప్పుడూ పెదవి విప్పేది కాదు. రికార్డింగ్‌లో ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి, గోడ నెట్టదు అని గట్టిగా వాదిస్తోంది. అప్పుడు ఈమె అంది.

"మా నాన్న పడవలో నిలబడి గెడతో గట్టుని నెడతాడు. గట్టు కదలదు. పడవ వెనక్కి వస్తది. మరి పడవని నెట్టిందెవరు?"

అవతలి అమ్మాయి, "మీ నాన్న" అంది.

"మా నాన్న నెట్టింది గట్టుని కదా. పడవని కాదు."

చాలాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత అవతలి అమ్మాయి, "గట్టా?" అంది. ఆ తర్వాత, "అయితే గోడ కూడానా?" అంది.

అది విన్నప్పుడు నా చేతిలోని పెన్ను కింద పెట్టేశాను. ఇన్నేళ్లుగా ఆ సంగతి చెప్పడానికి నేను వాడిన ఉదాహరణలన్నింటికంటే అది మంచిది. ఇప్పుడు అదే చెబుతున్నాను.

ఈసారి పేపర్ని ఒక జర్నల్‌కు పంపాం. చాలా నెలలు ఏమీ తెలియలేదు. అత్తయ్య అడగడం మానలేదు. చివరికి ఉత్తరం వచ్చింది. తిప్పి పంపలేదు, సరిదిద్దమన్నారు. ప్రశ్నలు పేజీలు పేజీలుగా ఉన్నాయి. ఒకరు మాత్రం, పద్ధతి పనిచేయని క్లాసు గురించి రాసిన భాగం ఈ రచనకే వెన్నెముక అని రాశారు. నేను అది ఫోటో తీసి రేపల్లెకు పంపాను. కాసేపటికి ఫోన్ చేసి, "అక్కా, మా ఇంట్లో చదివి వినిపించాను" అని మాత్రం అన్నాడు.

వాళ్లే ఇంకొకటి కోరారు. పిల్లల మాటలు ఇంగ్లీషు అనువాదంలో మాత్రమే ఇచ్చారు, అసలు మాటలు కూడా ఇవ్వండి అన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే, కాదు, మీ లిపిలోనే ఇవ్వండి అన్నారు. అలా ఆ పేపర్లో పడవ, గట్టు, గెడ అన్నవి తెలుగు అక్షరాల్లోనే అచ్చయ్యాయి. ఊఁ గురించి ఒక పేరా మొత్తం ఉంది. అరసున్నాతో సహా.

అంగీకరించామన్న ఉత్తరం నేను కాలేజీలో ఉండగా వచ్చింది. క్లాసుకు వేళయింది. వెళ్లి పాఠం చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. మధ్యాహ్నం హెచ్ఓడీ గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు. నేను ఎదురుగా కూర్చునే ఉన్నాను.

"నేను అడిగినదానికి ఇది జవాబేనమ్మా" అన్నారు. తర్వాత, "ల్యాబ్‌లో పిల్లలు కాంక్రీటు క్యూబులు విరగ్గొడతారు, రీడింగ్ రాస్తారు. ఏం చూస్తున్నారో వాళ్లకి తెలుసా అని నాకెప్పుడూ అనుమానం. దాన్ని ఎట్లా కనుక్కోవాలి?" అని అడిగారు. నాకు దక్కిన అభినందనలన్నింటిలో ఆ ప్రశ్నే పెద్దది. అప్పటికప్పుడు తెల్లకాగితం తీసి ఇద్దరం మొదలుపెట్టాం.

పడవ మాట అన్న అమ్మాయి అప్పటికి మూడో సంవత్సరంలో ఉంది. డిపార్ట్‌మెంట్‌కు పిలిచి స్క్రీన్ మీద చూపించాను. తన మాటల్ని తెలుగులో చూడగానే దగ్గరికి వంగింది.

"ఇది నేనన్నదే కదండి మేడం?"

"నువ్వన్నదే."

"మరి కింద నా పేరు లేదేంటండి?"

"పేర్లు వెయ్యకూడదమ్మా. ముందే చెప్పాం కదా, మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టకూడదని."

"తప్పుగా చెప్పినోళ్లకైతే పేరు వద్దండి. నేను కరెక్టుగానే చెప్పాను కదండి" అంది.

నియమం ఎందుకుందో వివరించాను. విన్నది. కానీ ముఖంలో వెలితి పోలేదు. అది న్యాయమైన వెలితే. ఆ పేజీని ప్రింట్ తీయించి ఇచ్చాను. మడవకుండా పుస్తకాల మధ్య పెట్టుకుని వెళ్లింది. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక చెప్పింది, వాళ్ల నాన్న దాన్ని చూసి, "ఇందులో నేనున్నానా?" అని అడిగి, రేవులో అందరికీ చూపించాడట. పేరు లేకపోయినా అక్కడ మాత్రం అందరికీ తెలిసిపోయింది. నియమం ప్రకారం అది నేను ఆపలేనిది. ఆపాలని నాకు అనిపించలేదు కూడా.

ఇంట్లో అత్తయ్యకు ఫోన్‌లో చూపించాను. "పడిందండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ఫోన్‌ను దినపత్రిక పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకున్నారు.

"నీ పేరేది?"

చూపించాను. దాని మీద వేలు పెట్టారు. పేజీ జరిగిపోయింది. మళ్లీ పైకి తెచ్చి ఇచ్చాను.

"ఇంగ్లీషులో ఉందేంటి?"

"ఇలాంటివి ఇంగ్లీషులోనే వేస్తారండి."

"దేని గురించి రాశావు?"

"పిల్లల్ని తెలుగులో మాట్లాడుకోనిస్తే పాఠం బాగా తలకెక్కుతుందని."

ఆవిడ నా ముఖం వైపు చూశారు. "తెలుగులో చెబితే తలకెక్కుద్దని ఇంగ్లీషులో రాశావా?" అన్నారు. మా వారు పక్క గదిలోంచి గట్టిగా నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. "నాకోసం తెలుగులో రాయి. చదువుతాను" అన్నారు.

నవ్వులాటగా మొదలైన ఆ పని నేను అనుకున్నదానికంటే కష్టమైంది. ఇంగ్లీషులో తేలిగ్గా జారిపోయిన వాక్యాలు తెలుగులో నిలబడి, నువ్వు నిజంగా ఏం చెప్పాలనుకుంటున్నావు అని అడిగేవి. రేపల్లెకు ఫోన్ చేసి ఒక్కో మాటకూ ఇద్దరం తడుముకునేవాళ్లం. చివరికి చిన్న పుస్తకమంత తయారైంది. అత్తయ్య అరుగు మీద కూర్చుని మొత్తం చదివారు. ఊఁ గురించిన భాగం దగ్గర మాత్రం ఆగి, "మీ మామగారు బతికున్నన్నాళ్లూ నాకు ఊఁ అనే చెప్పారు. ఒప్పుకున్నారనే అనుకున్నాను" అన్నారు.

ఆ పుస్తకాన్ని రేపల్లె పాలిటెక్నిక్‌లో ప్రింట్ చేసి చుట్టుపక్కల కాలేజీలకు పంపారు. ఒక శనివారం అక్కడే ఒక సమావేశం పెట్టారు. బాపట్ల, చీరాల, పొన్నూరు వైపు నుంచి లెక్చరర్లు వచ్చారు. మాట్లాడవలసింది నేనే అయినా, పనిచేయని క్లాసు సంగతి తమ్ముడినే చెప్పమన్నాను. తన కాలేజీలో, తన ప్రిన్సిపాల్ ముందు నిలబడి, నాకు మొదట కుదరలేదండి అని మొదలుపెట్టాడు. నేను వెనక కూర్చుని అతన్ని చూస్తున్నాను. నా పేరు అచ్చులో చూసుకున్న రోజు కంటే ఆ మధ్యాహ్నమే ఎక్కువ గర్వపడ్డాను.

ప్రశ్నల సమయంలో చీరాల నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రికల్ లెక్చరర్ లేచింది. ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"మేడం, మెకానిక్స్‌లో అంటే నెట్టడం, లాగడం కళ్లకి కనబడతాయండి. సర్క్యూట్‌లో కరెంటు కనబడదు కదండి. ఈ పద్ధతి మాకు పనిచేస్తుందాండి?"

అందరూ నా వైపు తిరిగారు.

"తెలియదండి" అన్నాను.

ఆ అమ్మాయి నిరుత్సాహపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. బ్యాగులోంచి పెన్ను తీసింది.

"అయితే ఎట్లా తెలుసుకోవాలో చెప్పండి" అంది.

తమ్ముడు బెంచీ జరిపి ఆమెకు చోటిచ్చాడు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. "ముందు మీ పిల్లలు కరెంటు గురించి ఏమనుకుంటున్నారో చెప్పండి" అన్నాను.